ఎవరి కుక్క, ఎవరి కన్ను

పోయిన వారం ఉమామహేశ్వరిని మనం అరకులో ఒక రిసార్టు హాల్లో, ఎడమ బొటనవేలికి కట్టుతో, కుడిచేతిలో టార్చిలైటుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి, ఆమెను కదలనిద్దాం.

ఉమామహేశ్వరి అరకు పశువుల ఆసుపత్రి డాక్టరు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టింది. కొండమీద పోస్టింగు వేస్తే ఆర్నెల్లలో ఏడ్చుకుంటూ దిగిపోతుందని అంతా అనుకున్నారు గానీ, మూడేళ్ళయినా దిగలేదు. పెంపుడు జంతువుల కంటి జబ్బుల మీద పశువైద్యులకు మూడు రోజుల ఉన్నత శిక్షణ ఈసారి అరకులో పెట్టారు. కారణం చల్లగా ఉంటుందని, అంతకు మించి ఏమీ లేదు. మైదానం నుంచి పదిహేడు మంది డాక్టర్లు స్వెట్టర్లతో సహా దిగారు. పద్దెనిమిదో మనిషి మన ఉమ. పాఠం చెప్పేది ప్రొఫెసర్ జగన్నాథరావుగారు. కాలేజీ రోజుల్లో ఉమను సర్జరీ వైవాలో ఒకసారి తప్పించిన మహానుభావుడు ఆయనే.

ప్రాక్టికల్సుకు జబ్బు కళ్ళ కుక్కలు కావాలన్నారు. కొండ ఊళ్ళలో వెతకగా ఉమకు యర్రమ్మ కుక్క దొరికింది. యర్రమ్మకు అరవై దాటాయి. కాస్త కాఫీ తోట, కాస్త చోడి, అంటే రాగి చేను, పది మేకలు, వాటికి కాపలాగా కాలియా అనే నల్లకుక్క, అదీ ఆమె సంసారం. మేకపోతు కొమ్ము తగిలి కాలియా ఎడమకన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడింది. కంటి లోపలి నీటి ఒత్తిడి పెరిగిపోయింది. మనుషులకు వస్తే నీటికాసులంటారే, అదే. వేళకు గట్టి మందు పడితే చూపు దక్కుతుంది, రోజులు గడిస్తే పోతుంది. ఆ గట్టి మందు ప్రొఫెసరుగారి పెట్టెలో తప్ప ఆ చుట్టుపక్కల లేదు. సోమవారం నాడు ఉమ రెప్ప ఎత్తి చూడబోతే కాలియా ఆమె బొటనవేలు పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. బొటనవేలి కట్టు కథ అదీ. కరిచినా సరే, బుధవారం దీన్ని హాలుకు తీసుకురమ్మని చెప్పి వచ్చింది.

బుధవారం వచ్చింది, యర్రమ్మ వచ్చింది, నల్లకుక్క బల్లెక్కింది. ఉమ కట్టుకట్టిన చెయ్యి ముందుకు చాపగానే, ఆ కుక్క ఆ కట్టును ఆప్యాయంగా నాకింది. అక్కడ ఆగాం.

సోమవారం కరిచినవాడు బుధవారం ముద్దు పెట్టుకుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఉమకూ వచ్చింది. అది నోటిదాకా వచ్చేలోగా ప్రొఫెసరుగారు చప్పట్లు కొట్టారు.

"డాక్టర్సందరూ ఒక్కొక్కరే వచ్చి ఈ ఎడమకన్ను చూడండి. మీ నిర్ధారణ చీటీమీద రాసి నాకివ్వండి. ఒకరి చీటీలోకి ఒకరు తొంగిచూడొద్దు, మీరు పదో తరగతి పిల్లలు కారు."

పదో తరగతి పిల్లలే నయం. అందరికంటే ముందు వరహాలరావుగారు లేచారు. పట్నంలో పెద్ద పెట్ క్లినిక్ ఆయనది. ఊరకుక్కను తాకడం ఆయనకు చాలాకాలంగా అలవాటు తప్పిపోయింది కనుక, రెండడుగుల దూరంనుంచే కన్ను లోతులు కొలిచి చీటీ రాసేశారు. తర్వాత మిగతావాళ్ళు. ఎవరి చేతిలో ఏ పరికరం ఉంటే ఆ పరికరానికి తగిన జబ్బు ఆ కంట్లో కనిపించింది. పదకొండు చీటీల్లో నీటికాసులు, నాలుగింట్లో కన్నీరు ఎండిపోవడం, ఒకదానిలో శుక్లం. వరహాలరావుగారి చీటీలో ఈ మూడూ వరసగా ఉండి, చివర "తదితరములు" అని కూడా ఉంది. 'కన్ను బాగుంది' అని ఒక్కడూ రాయలేదు. ఉన్నత శిక్షణకని సెలవుపెట్టి కొండెక్కి, ఏమీ లేదని రాసి దిగిపోతే ఏం మర్యాద?

అప్పుడు ప్రొఫెసరుగారు స్వయంగా వచ్చారు. కంట్లో మొద్దుబార్చే చుక్క వేసి, కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటరు తీశారు. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. దాని మొనను కంటిగుడ్డుకు అలా అలా తాకించారు. కుక్కను పట్టుకున్నది సుక్రు. ఆసుపత్రి అటెండరు, యాభయ్యేళ్ళవాడు, యర్రమ్మ ఊరివాడు. పట్టుకున్నాడు అనడం చిన్నమాట. కుక్క మెడచుట్టూ రెండు చేతులూ వేసి, గెడ్డం దాని నెత్తిమీద ఆనించి, ప్రాణస్నేహితుణ్ణి రైలెక్కించేవాడిలా కావలించుకున్నాడు.

"ముప్పై నాలుగు!" అన్నారు ప్రొఫెసరుగారు. "పాతిక దాటితే జబ్బు. చూశారా?" తర్వాత కన్ను ముందు అరచెయ్యి ఆడించారు. కుక్క రెప్ప ఆర్పలేదు. "చూపు పోయింది. నొప్పి మిగిలింది. భోజనాలయ్యాక రెండింటికి ఈ కన్ను తీసి చూపిస్తాను. దగ్గరగా నిలబడితే బాగా నేర్చుకోవచ్చు."

ఉమ టార్చి బల్లమీద పెట్టింది. ఆమె రెండో చేత్తో కుక్క పైపెదవి ఎత్తి చూసింది. కాలియాకు ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉండాలి. ఆ సంగతి ఆమె బొటనవేలికి బాగా తెలుసు. ఈ కుక్క పళ్ళు మల్లెమొగ్గల్లా నిండుగా ఉన్నాయి.

"సార్, ఇది ఆ కుక్క కాదు" అంది.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. వైవా రోజున చూసిన చూపే.

"ఉమా, అది ఎవరి కుక్కయినా నాకు అభ్యంతరం లేదమ్మా. ఒత్తిడి ముప్పై నాలుగుంది. ఏ కుక్కకున్నా ముప్పై నాలుగు ముప్పై నాలుగే."

నిజమే కదా! వరహాలరావుగారు కిసుక్కుమన్నారు. కాలియా కాదని నిరూపించినా లాభం లేదు. ఈ కన్ను మంచిదని నిరూపించకపోతే రెండింటికి ఇది సీసాలో ఉంటుంది. ఉమ కుక్కను చూసింది. మీటరును చూసింది. చివరికి చూడవలసిన చోట చూసింది.

"సుక్రూ, మెడ వదులు."

"వొద్దు మేడం. కరిసేత్తాది."

"నాకుతోందయ్యా, కరవడం ఎక్కడిది? వదులు."

"వొదల్ను మేడం. వొదిల్తే తోక ఊపేత్తాడు, మీకు తెలిసిపోద్ది" అనేసి, సుక్రు నాలిక కరుచుకున్నాడు.

"సార్," అంది ఉమ. "మెడ బిగిస్తే కంట్లో ఒత్తిడి అబద్ధంగా పెరుగుతుందని నిన్న పొద్దున మీరే చెప్పారు. నేను రాసుకున్నాను. ఇతను పావుగంటగా దీని పీక పిసుకుతున్నాడు. ఊపిరాడని కుక్క రెప్ప ఏం ఆర్పుతుంది? మెడ వదిలించి మళ్ళీ కొలవండి సార్."

చెప్పిన పాఠం తిరిగొచ్చి తనకే తగిలితే ఏ గురువుకైనా కాస్త మంటే. అయినా ఆయన మీద ఎన్ని కోపాలున్నా ఒక్కమాట ఒప్పుకోవాలి. నిజం ఎదురైతే మొహం తిప్పుకునే మనిషి కాదు. సుక్రును పక్కకు జరిపి, కుక్క ఛాతీ కింద ఉమను చెయ్యి వెయ్యమని, ఒక్క నిమిషం ఆగి మళ్ళీ కొలిచారు.

పదిహేడు. ఇంకోసారి. పదహారు. అరచెయ్యి ఆడించారు. కుక్క టపటపా రెప్పలార్పి, ఇదేదో ఆటనుకుని, తోక ఊపుతూ ఆయన వేళ్ళు పట్టుకోబోయింది.

"అందరూ రాసుకోండి" అన్నారు ప్రొఫెసరుగారు, చీటీలన్నీ మడిచి జేబులో పెట్టుకుంటూ. "ముప్పై నాలుగు తప్పు. ఆ తప్పు నాది. ఈ కన్ను నిక్షేపంలా ఉంది." వరహాలరావుగారు తన చీటీ వెనక్కి ఇస్తారేమోనని చెయ్యి చాపారు గానీ ప్రొఫెసరుగారు ఇవ్వలేదు.

ఇప్పుడు అందరూ గుమ్మం దగ్గర కూర్చున్న యర్రమ్మ వైపు తిరిగారు. ఆమె చీరకొంగు మెలిపెట్టుకుంటూ కిటికీలోంచి కొండల్ని చూస్తోంది, వాటిని ఇవాళే ఎవరో తెచ్చి పెట్టినట్టు.

"యర్రమ్మా, ఇది కాలియాయేనా?"

"నల్లగా నేదేటి?"

"నేనడిగింది రంగు కాదు."

యర్రమ్మ నిట్టూర్చింది. "మా తమ్ముడు గాసిగాడి కుక్క, డాక్టరమ్మా. ఈడి పేరు బుడ్డడు. ఈడూ కాలియా ఒక్క తల్లి పిల్లలే. ఇయ్యాలకని ఎరువడిగి తెచ్చినాను, మల్లా ఇచ్చీత్తాను."

"ఎందుకు?"

"సుక్రు సెప్పినాడు. నిన్న ఈ గదిలో గోడమీద సినిమా బొమ్మలేసినారట. ఈ పెద్దడాక్టరు కుక్క కన్ను కోసీసి, సీసాలో ఏసీసి, నిమ్మళంగా టీ తాగినాడట."

"టీ కాదు, కాఫీ" అన్నారు ప్రొఫెసరుగారు. అనవసరంగా అన్నానని ఆయనకే తెలిసింది.

"ఏదైతే ఏటి బావు, కన్నయితే కోసినావు గదా. నా కాలియా కన్ను నీకెందుకిత్తాను? రెండు కళ్ళూ ఉంటేనే కదా కొండమీద మేకల్ని కాసేది. నానే సరిగ్గా సూడనేను. ఆడి కళ్ళతోటే నాను బతుకుతున్నాను."

"మరి మీ తమ్ముడి కుక్క కన్ను తీసేస్తే?" అని ఉమ కోపంగా అడిగింది. "ఇంకో రెండు గంటలుంటే తీసేసేవాళ్ళే!"

యర్రమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అదెలగ? బుడ్డడిది మంచి కన్ను గదా! ఇంతమంది డాక్టర్లున్నారు, ఇన్ని మిసన్లున్నాయి. మంచి కన్నుని సూత్తే మంచిదని మీకు తెలీదేటి? బాగున్నాది, ఎల్లిపో అని పంపించీత్తారనుకున్నాం."

పదిహేడు మంది డాక్టర్లూ ఒక్కసారి తమ తమ బూట్లను పరీక్షించుకున్నారు. అదృష్టం కొద్దీ అప్పుడే రిసార్టు కుర్రాళ్ళు మాంసం కూరి కాల్చిన వెదురు బొంగులు పగలగొట్టారు, చికెన్ వాసన హాలంతా కమ్మేసింది. శాస్త్రం ఎక్కడికీ పోదు, బొంగు చికెన్ చల్లారిపోతుంది. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. వరహాలరావుగారు అందరికంటే ముందున్నారు, ఎప్పటిలాగే.

మిగిలింది నలుగురు మనుషులు, ఒక ఆరోగ్యవంతమైన కుక్క. ఉమకు నవ్వు రాలేదు. బుడ్డడి కన్ను గట్టెక్కింది. కాలియా కన్నుకి ఇవాళ మూడో రోజు. ఒక్కో గంటా ఆ కంట్లోంచి చూపును తోడేస్తూ ఉంటుంది.

"కాలియా ఏడీ?"

"సెప్పను."

"యర్రమ్మా, మందు పడకపోతే కన్ను దానంతటదే పోతుంది."

"పోతే దేవుడు తీసినట్టు. మీరు తీసినట్టు కాదు."

అంతే, మూడేళ్ళుగా మేడం వేషంలో దాచుకున్న ఉమ పుట్టింటి భాష కట్టలు తెంచుకుంది. "ఏటి సెప్పవు? ఆ కుక్క నన్ను కరిసింది, బొటనేలు వాసిపోనాది, సోమారం కాడ్నుంచీ నిద్దర నేదు నాకు! ఆడికి నొప్పెలాగుంటాదో నీకు తెలుసేటి? తలకాయి పగిలిపోతున్నట్టుంటాది. బేగి సెప్పు!"

యర్రమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఈ డాక్టరమ్మకి మనుషుల భాష వచ్చునని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. పక్కనుంచి సుక్రు సన్నగా దగ్గాడు.

"మీ కోటర్సులోనే మేడం."

"ఏంటి?"

"పొద్దున్న కేసు కాయితాలు తెమ్మని తాళం ఇచ్చినారు గదా. మీ బాత్రూంలో కట్టీసినాను. డాక్టరింట్లో డాక్టర్లెవులూ ఎతకరని..." తర్వాతి మాట కొంత తడబాటుతో వచ్చింది. "సలేత్తాదని మీ కొత్త తువ్వాలు పరిసినాను."

ప్రొఫెసరుగారు అప్పటికే మందుపెట్టె చంకలో పెట్టుకున్నారు. ఆయన భోజనం మాటే ఎత్తలేదు. బుడ్డడితో సహా అందరూ ఆయన కారులోనే ఎక్కారు. ముందుసీట్లో యర్రమ్మ కూర్చుంది. పెద్దడాక్టరు పక్కన ఉంటేనే గాని ఆయన చేతులు కనిపించవని ఆమె లెక్క.

క్వార్టర్సు చేరడానికి ఐదు నిమిషాలు పట్టింది. అందరికంటే ముందు దిగింది యర్రమ్మే. బాత్రూం గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె వెనక, ఉమ తువ్వాలుమీద, కాలియా వెలుతురు పడని మూలకు మొహం పెట్టి పడుకుని ఉంది. తల ఎత్తలేదు. ఎడమకన్ను పొగ పట్టినట్టు నీలంగా ఉంది. అది చూసి ఉమకు ఏడుపొచ్చింది.

"ముందు మాటియ్యి" అంది యర్రమ్మ. కొంగు ముడి విప్పి అరచేతిలో నాలుగు చోడి గింజలు పోసుకుంది. ఆ ఊళ్ళో కాగితాలూ సంతకాలూ చెల్లవు. మాట ఇచ్చేవాడు ఎదుటివాడి గింజ నమిలి మింగాలి. మింగినవాడు మాట తప్పితే ఎదుటివాడి పొలంలో చోడి మొలవదని నమ్మకం. తప్పు ఒకరిది, పస్తు ఇంకొకరిది. అందుకే అక్కడ గింజ నమిలిన మాట తప్పడానికి ఎంతటి దొంగకైనా చేతులు రావు.

"ఈడి కన్ను తియ్యనని సెప్పి నములు బావు" అని చెయ్యి ప్రొఫెసరుగారి ముందు పెట్టింది.

ఆయన గింజల్ని చూశారు, కుక్కను చూశారు. "నేను నమలలేనమ్మా" అన్నారు మెల్లగా. "కొలవకుండా మాటెలా ఇవ్వను? మందు పనిచేస్తే కన్ను దక్కుతుంది. చెయ్యకపోతే, ఆ కన్ను ఉన్నన్నాళ్ళూ నీ కుక్కకు రాత్రీ పగలూ నొప్పే. అప్పుడు తియ్యడమే దయ."

"అయితే నువ్వెల్లిపో. మా తిప్పలు మేం పడతాం."

అబద్ధం చెప్పలేని మనిషి ఒకవైపు, నమ్మలేని మనిషి ఒకవైపు, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా ఉమ. లోపలినుంచి కాలియా మూలిగింది. అరుపు కాదు. అరవడానికి కూడా ఓపికలేని మూలుగు.

ఉమ వంగి, యర్రమ్మ అరచేతిలోంచి గింజలు నాలుగూ తీసుకుని నోట్లో వేసుకుంది.

"కాలియా కన్ను తియ్యనివ్వను. ఇది నా మాట" అని నమిలి మింగింది.

యర్రమ్మ మొహం విచ్చుకుంది. "మంచి గుంటవి" అని, ఉమ గెడ్డం పుణికి, లేచి దారిచ్చింది. ఇంక ఆమెకు ఏ భయమూ లేదు. బయటికెళ్ళి బుడ్డడి చెవులు నిమురుతూ మెట్టుమీద కూర్చుంది.

సుక్రు ఈసారి కుక్కను మెడ జోలికి పోకుండా పొట్ట కింద పొదివి పట్టుకున్నాడు. కాలియా ఎవరినీ కరవలేదు. ప్రొఫెసరుగారు చుక్క వేసి, నేలమీద గొంతుక్కూర్చుని కొలిచారు. ఇంకోసారి కొలిచారు. మీటరు ఉమకు చూపించారు. అరవై రెండు. కుడికన్ను మూసి, ఎడమకన్ను ముందు దూదిపింజ జారవిడిచారు. అది గాలిలో ఊగుతూ నెమ్మదిగా నేలమీద పడింది. కాలియా కన్ను దాని వెంట వెళ్ళలేదు.

ఆయన ముందు కాలికి సూది గుచ్చి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. సీసా ఉమ చేతికిచ్చి, ఎత్తి పట్టుకోమన్నారు.

"రెండు గంటలు చూద్దాం. దిగితే సరే" అన్నారు, బయటికి వినపడకుండా. "దిగకపోతే, ఇంత నొప్పితో దీన్ని నేను ఇంటికి పంపను. నువ్వూ పంపలేవు. నిన్ను నేనెరుగుదును." ఆమె మొహంలోకి చూశారు. "ఆ గింజలు ఎందుకు నమిలావమ్మా?"

"పెద్దడాక్టరు ఏటంతన్నాడు, డాక్టరమ్మా?" అని మెట్టుమీదనుంచి యర్రమ్మ హుషారుగా అరిచింది.